ఎర్ర పట్టీ రాని గురువారం

కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఇంకే చప్పుడూ లేదు. గురువారాలు భార్గవి ఆఫీసుకు పోదు. చందానగర్‌లోని మా ఇంట్లో భోజనాల బల్ల మీదే ల్యాప్‌టాప్ పెట్టుకుని పని చేస్తుంది. పనిలో ఉన్నంతసేపూ కీబోర్డు టకటకలో, ఎవరితోనో మాటలో, కాలితో బల్ల కోడును తన్నడమో ఏదో ఒకటి వినబడుతూనే ఉంటుంది. రెండు నిమిషాలు ఏమీ వినబడకపోయేసరికి, బీరకాయ చెక్కు తీస్తున్న చాకు పక్కన పెట్టి హాల్లోకి వచ్చాను. గోడ గడియారంలో పదీ ఇరవై.

నిలబడి ఉంది. రెండు అరచేతులూ బల్ల మీద ఆనించి తెర వైపు వంగి చూస్తోంది. పెదవులు తెల్లబడ్డాయి.

"ఏమైంది?"

"ముప్పై ఆరు," అంది.

"ఏం ముప్పై ఆరు?"

"నలభై ఒక్క వేలు ఉండాల వదినా. ముప్పై ఆరు చూపిస్తాంది."

భార్గవి నా భర్తకు చెల్లెలు. కడపలో ఇంజనీరింగ్ చదివి, మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో చేరి మూడేళ్ళయింది. ఆ మూడేళ్ళూ మాతోనే ఉంది. ఆమె పని గురించి నాకు తెలిసిందంతా ఆమె చెప్పగా తెలిసిందే. అర్థం కాకపోతే నేను మళ్ళీ అడుగుతాను, ఆమె విసుక్కోకుండా మళ్ళీ చెబుతుంది.

ఆ కంపెనీ పద్నాలుగు డయాలసిస్ సెంటర్లకు ఒక పని చేసిపెడుతుంది. ఏ రోగికి ఏ మందు పడదు, ఏ మందు మీద ఏ మందు వేయకూడదు అన్న సమాచారం దాచిపెట్టడం. దాన్ని వరసలూ గళ్ళూ ఉన్న పట్టికలా కాకుండా ఒక వలలా దాస్తారు. మనిషి ఒక ముడి, మందు ఒక ముడి, రెండింటినీ కలిపే దారం మీద "పడదు" అని ఉంటుంది. అలాంటి వలను గ్రాఫ్ అంటారట. వెబ్ పేజీకి ఉన్నట్టే ఒక్కో గ్రాఫ్‌కు ఒక చిరునామా ఉంటుంది. దానితో మాట్లాడడానికి వేరే భాష అక్కర్లేదు, బ్రౌజరు వాడే మాటలే చాలు. గెట్ అంటే ఉన్నది చూపించమని. పోస్ట్ అంటే ఉన్నదానికి ఇది కూడా చేర్చమని. పుట్ అంటే ఉన్నదంతా తీసేసి దాని స్థానంలో ఇది పెట్టమని. డిలీట్ అంటే తీసేయమని. "నాలుగు మాటలు వదినా, నా జీతమంతా ఈ నాలుగు మాటలకే," అని చేరిన కొత్తలో నవ్వేది.

సెంటర్‌లో నర్సు ఇంజక్షన్ ఇచ్చే ముందు ట్యాబ్‌లో రోగి పేరు మీద వేలు పెడుతుంది. వలలో "పడదు" అన్న దారం ఉంటే తెర మీద ఎర్ర పట్టీ వస్తుంది. లేకపోతే ఆకుపచ్చ పట్టీ.

"చేర్చబోయి మార్చేసినా," అంది భార్గవి.

ప్రగతి నగర్‌లో కొత్తగా ఒక సెంటర్ తెరిచారు. అక్కడి పన్నెండు మంది రోగుల వివరాలు పెద్ద గ్రాఫ్‌లో చేర్చాలి. నిన్నంతా ఆమె ఒక ఉత్తుత్తి గ్రాఫ్ మీద సరిచూసుకుంది. సరిచూసుకునేటప్పుడు పుట్ వాడడం వాళ్ళకు అలవాటు. ఎన్నిసార్లు పంపినా పాతది పోయి కొత్తది వస్తుంది గనుక ఒకే వివరం రెండుసార్లు పడదు, శుభ్రంగా ఉంటుంది. ఈ రోజు పొద్దున ఉత్తుత్తి చిరునామా తీసి అసలు చిరునామా పెట్టింది. ముందున్న పుట్‌ను పోస్ట్‌గా మార్చడం మరిచిపోయింది. పదీ పన్నెండుకు పంపింది.

"మరి అది తప్పని చెప్పలేదా?"

"రెండువందల నాలుగు అని వచ్చింది."

"అంటే?"

"పని అయింది, చెప్పేదానికి ఏమీ లేదు అని."

పన్నెండు మంది, ఒక్కొక్కరికి మూడు దారాలు. ముప్పై ఆరు. మిగతా ఎవరికీ, పద్నాలుగు సెంటర్లలో ఏ ఒక్కరికీ, ఏ మందూ పడకపోవడమన్నది ఇప్పుడు లేదు. అందరికీ ఆకుపచ్చే.

ఆమె ఫోను స్పీకర్లో పెట్టి ప్రవీణ్‌కు చేసింది. ప్రవీణ్ ఆమె టీమ్ లీడ్.

"ఓకే, ఓకే. కామ్ డౌన్," అన్నాడతను విని. "అసలు ప్రొడక్షన్ గ్రాఫ్ మీదే పుట్ కొట్టావా? సూపర్. చాలా రోజుల నుంచి ఎవరూ కొట్టలేదు, నేనూ అనుకుంటూనే ఉన్నా. బ్యాకప్ ఉంది కదా, రీస్టోర్ పెట్టు. ఇరవై నిమిషాలు. ఇష్యూ క్లోజ్."

"పదకొండు గంటలకు పేషెంట్ల షిఫ్ట్ ఉంది ప్రవీణ్. సెంటర్స్‌కు చెబుదాం."

"ఇప్పుడే వద్దు. పానిక్ అవుతారు. పదీ నలభైకల్లా వెనక్కి వస్తుంది, ఎవరికీ తెలీదు. ముందు రీస్టోర్."

నాకు ఆగలేదు. "ఈ లోపల అంతా ఆపేయకూడదా? ట్యాబ్‌లు పని చేయకుండా?"

"ఎవరు?" అన్నాడు ప్రవీణ్.

"మా వదిన," అని అతనికి చెప్పి, నా వైపు తిరిగింది భార్గవి. "ఆపినా ఆకుపచ్చే వస్తుంది వదినా. ఎర్రది రావాలంటే దారం దొరకాల. దొరకలేదంటే, అక్కడ ఏమీ లేదనే అనుకుంటుంది అది."

"తెలియదు అని చెప్పదా?"

"అది నెక్స్ట్ రిలీజ్‌లో ఉందండి," అన్నాడు ప్రవీణ్.

నేను వెళ్ళి స్టవ్ ఆపి వచ్చాను. పప్పు సగం ఉడికి ఉంది. మళ్ళీ వచ్చేసరికి ఆమె కూర్చుని ఉంది, వేళ్ళు కదులుతున్నాయి. రీస్టోర్ కూడా పుట్‌తోనే చేస్తారట. పాతదాన్ని తెచ్చి, ఉన్నదాన్ని తీసేసి, అక్కడ పెట్టడం. ఆ మాట కొట్టేటప్పుడు ఆమె చెయ్యి ఆగింది. నా వైపు చూసింది. చిరునామా నన్ను పైకి చదవమంది. ఒక్కొక్క అక్షరం చదివాను. ఆమె పెదవులతో వెంట చదివి, తర్వాత కొట్టింది.

పదీ నలభై ఒకటికి మళ్ళీ రెండువందల నాలుగు వచ్చింది. లెక్క నలభై ఒక్క వేల పైన చూపించింది. నేను ఊపిరి వదిలాను. భార్గవి వదల్లేదు.

"బ్యాకప్ ఆదివారానిది," అంది.

నాకు అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. ఆదివారం తర్వాత సోమ, మంగళ, బుధ. ఆ మూడు రోజుల్లో సెంటర్ల వాళ్ళు కొత్తగా రాసినవి ఇందులో లేవు. ప్రగతి నగర్ వాళ్ళవి ఆమె దగ్గరే ఉన్నాయి, మళ్ళీ చేర్చగలదు. ముప్పై ఆరు చూపించినప్పుడు తప్పు ఎవరికైనా కనబడేది. ఇప్పుడు కనబడదు. అన్నీ ఉన్నట్టే ఉంటుంది, ఎవరివో కొన్ని ఉండవు.

ఆమె లాగ్ తెరిచింది. మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర పుస్తకం ఉంటుంది చూడండి, అలాంటిదే అది. ఏ ఫ్లాటుకు ఎవరొచ్చారో, ఎన్ని గంటలకొచ్చారో ఉంటుంది. సంచిలో ఏం తెచ్చారో ఉండదు. ఆదివారం నుంచి తొమ్మిది పోస్టులు వచ్చాయి, నాలుగు సెంటర్ల నుంచి. ఏ సెంటరో, ఎప్పుడో ఉంది. ఎవరి గురించో, ఏ మందో లేదు.

"లోపల ఏముందో దాచుకోరా?"

"జబ్బుల వివరాలు గదా, లాగ్‌లో ఉండకూడదని మేమే తీసేసినాం. నేనే తీసేసినా, మార్చిలో."

మూడు సెంటర్లకు ఫోన్లు కలిశాయి. ప్రవీణ్ వద్దన్నా ఆమె చేసింది. ఒకచోట ఎవరో గట్టిగా అరిచారు, "మేమేమన్న పిచ్చోళ్ళమా, మళ్ళ రాయమంటున్నవ్?" అని. ఆమె సారీ సార్ అంటూనే ఎనిమిది వివరాలూ మళ్ళీ రాయించుకుంది. తొమ్మిదోది లింగంపల్లి సెంటర్‌ది. బుధవారం సాయంత్రం ఆరూ యాభై రెండుకు వచ్చింది. నిన్ననే.

లింగంపల్లిలో ఫోను మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. అక్కడి డాక్టరు రాజేందర్ సెల్ స్విచాఫ్. మళ్ళీ సెంటర్. మోగుతోంది.

"నిన్న సాయంత్రం రాసినారంటే ఈ రోజు వచ్చే మనిషికే రాసుంటారు," అంది. "రెండు రోజులకొకసారి వస్తారు వదినా వాళ్ళు. వచ్చిన వెంటనే హెపారిన్ ఇస్తారు, గొట్టాల్లో రక్తం గడ్డకట్టకుండా. అందరికీ ఇస్తారు. రాసిన మందు అదే అయ్యుండి, పడనోళ్ళకు ఇస్తే..."

గడియారంలో పదీ యాభై ఒకటి. పదకొండుకు షిఫ్ట్.

"నువ్వు ఫోను వదలొద్దు. నేను పోతా," అన్నాను.

"నీ మాట వింటారా?"

స్కూటీ తాళం తీసుకున్నాను.

చందానగర్ నుంచి లింగంపల్లి ఎంతో దూరం కాదు. ముంబై హైవే మీద ఖాళీగా ఉంటే ఎనిమిది నిమిషాలు. ఖాళీగా ఎప్పుడూ ఉండదు. గంగారం దగ్గర యూ టర్న్ తీసుకుంటున్న స్కూలు బస్సు వెనక ఆగిపోయాను. నాకు ఎవరి పేరూ తెలియదు. ఆడో మగో తెలియదు. వయసు తెలియదు. ఎవరో ఒక మనిషి ఈ పాటికి ఆటో దిగి, మెట్లెక్కి, చెప్పులు విప్పి, తనకు ఏ మందు పడదో ట్యాబ్‌కు తెలుసన్న నమ్మకంతో చెయ్యి చాపి పడుకుని ఉంటారు. రైల్వే బ్రిడ్జి కింద ఆటోల మధ్య నుంచి దూరాను. ఎవరో తిట్టారు. మామూలుగా అయితే సారీ చెప్పేదాన్ని.

స్టేషన్ దాటాక ఫర్నిచర్ షాపు పైన మొదటి అంతస్తులో ఉంది సెంటర్. మెట్లెక్కుతుంటేనే ఫోను మోగడం వినబడింది. రిసెప్షన్ బల్ల మీద మోగుతోంది, కుర్చీలో ఎవరూ లేరు. అందులో కూర్చునే అమ్మాయి లోపల రోగుల బరువు రాసుకుంటోంది. షిఫ్ట్ మొదలయ్యేటప్పుడు అక్కడ అంతేనట, బెంచీ మీద రోగుల తాలూకు వాళ్ళు తప్ప సిబ్బంది ఎవరూ బయట ఉండరు. ఆ ఫోను చేస్తున్నది మా భోజనాల బల్ల దగ్గర నుంచే. ఆగింది. వెంటనే మళ్ళీ మొదలైంది.

అద్దం తలుపు తోశాను. పదకొండూ ఏడు. ఎనిమిది మంచాలు, ఆరింటి మీద మనుషులు. ఆరు మిషన్లూ తిరుగుతున్నాయి.

"ఓ అమ్మా! చెప్పులు! చెప్పులు బయట ఇడువాలె," అని కేకేసింది నర్సు. గుండె మీద బ్యాడ్జీలో కనకలక్ష్మి అని ఉంది. నలభై దాటిన మనిషి. "పేషెంటు తరఫోళ్ళు లోపటికి రావద్దని ఎన్నిసార్లు జెప్పాలె?"

"నేను పేషెంటు తరఫు కాదండి. మీ ట్యాబ్ ఇవాళ తప్పు చూపిస్తుంది. నమ్మొద్దు. ఎవరికో మందు పడదని రాసింది అందులోంచి పోయింది, అది హెపారిన్ కావచ్చు."

"కంపెనీ నుంచి వచ్చిండ్రా?"

"కాదు. మా ఆడపడుచు ఆ కంపెనీలో చేస్తుంది."

"మరి మీరేం జేస్తరు?"

"ఇంట్లో ఉంటాను."

అన్నాక నాకే ఎలా వినబడిందో తెలిసింది. మిషన్ దగ్గర వంగి ఉన్న టెక్నీషియన్ తల ఎత్తాడు.

"ఇన్నవా?" అంది కనకలక్ష్మి అతనితో. "ఇంట్ల ఉండే మేడమ్ వచ్చి ట్యాబ్ ఖరాబైందంటున్నది. ఇగ రేపు పాలాయన వచ్చి మిషన్ బంద్ చెయ్‌మంటడు."

నేను భార్గవికి చేసి ఫోను స్పీకర్లో పెట్టి ఆమె ముఖం ముందు పట్టుకున్నాను.

"సిస్టర్, నేను భార్గవి. మీ ట్యాబ్ యాప్ మాదే. నిన్న సాయంత్రం ఆరూ యాభైకి మీ సెంటర్ నుంచి ఒక అలర్ట్ ఎక్కించినారు. అది ఈ రోజు నా వల్ల పోయింది. అది హెపారిన్‌దే అయ్యుండచ్చు, ఆపండి సిస్టర్, ప్లీజ్."

కనకలక్ష్మి ముఖంలో నవ్వు సగంలో ఆగింది. "ఎవలకు ఆపాలె?"

"పేరు తెలీదు సిస్టర్."

"తెల్వదా?" ఆమె గొంతు పెరిగింది. "ఆరుగురు ఎక్కిండ్రు ఇక్కడ. అందరికి ఆపితే అందరి గొట్టాలల్ల రక్తం గడ్డ గడ్తది. అది మంచిదా? పేరు జెప్పు బిడ్డా, పేరు లేకుంట నేనేం జెయ్యాలె?"

"నిన్న మీరు లేరా?" అని అడిగాను.

"మంగళారం, బుధారం లీవు. మా అక్క కొడుకు పెండ్లి. వచ్చినంక నాకు ఎవలు ఏం జెప్పలే. ఇప్పుడు ఎవలు జెప్తరు, ఎర్రది వస్తదని డాక్టర్ సాబ్ గూడ రాసి ఊకుంటడు." ట్యాబ్ అందుకుని వరసగా వేలు పెట్టింది. ఆరు పేర్లు. ఆరు ఆకుపచ్చ పట్టీలు. వాటిలో ఏది అబద్ధమో చెప్పే గుర్తు ఏదీ వాటి మీద లేదు.

రెండు రోజులకొకసారి వచ్చేవాళ్ళు అంతకు ముందు వచ్చింది మంగళవారం, బుధవారం కొత్తగా రాశారంటే మధ్యలో ఏదో రక్త పరీక్ష జరిగి ఉండాలి. నేను మంచాల వైపు తిరిగాను. జీవితంలో అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు. "మొన్న మంగళవారం మీలో ఎవరికైనా విడిగా రక్తం తీశారా? నెలనెలా తీసేది కాదు. విడిగా?"

ఒకాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. ఒకామె కళ్ళు మూసుకునే తల అడ్డంగా ఊపింది. మూడో మంచం మీద పెద్దాయన, "నాకు నెలకోపాలి తీస్తారు," అన్నాడు. అది కాదన్నాను.

నా వెనక తలుపు తెరుచుకుంది. బయట బెంచీ మీద కూర్చున్న ముసలాయన, చేతిలో టిఫిన్ డబ్బా, గడప అవతలే నిలబడి లోపలికి తొంగి చూస్తున్నాడు.

"మా ఆమెకు తీసిండ్రు," అన్నాడు. "మంగళారం గొట్టంల రక్తం రెండుసార్లు గడ్డ గట్టింది. మస్తు లేటయింది. డాక్టర్ సాబ్ రక్తం తీపిచ్చి, రిపోర్టు వచ్చినంక చెప్తనన్నడు. ఏమైంది మేడమ్?"

"ఏ మంచం?" అంది కనకలక్ష్మి.

"అదే. భాగ్యమ్మ. నాలుగోది."

నాలుగో మంచం మీదామె మెడ దాకా దుప్పటి కప్పుకుని ఉంది. మేమందరం ఒక్కసారి తన వైపు చూసేసరికి బెదిరినట్టుంది.

"జర ఆ ఏసీ బంద్ చెయ్‌రి," అంది సన్నగా. "చలి వెడ్తున్నది."

ఏసీ వేసి లేదు. ఫ్యాన్లు మాత్రమే తిరుగుతున్నాయి. ఆమె గడ్డం వణుకుతోంది. మాటకూ మాటకూ మధ్య నోటితో గాలి పీలుస్తోంది.

కనకలక్ష్మి అప్పటికే అక్కడ ఉంది. ఆమె నడవడం నేను చూడలేదు. మిషన్ పక్కనున్న చిన్న పంపు ఆపింది, దాని సిరంజి పీకి ట్రేలో పడేసింది, గొట్టాల మీద రెండు క్లిప్పులు బిగించింది. "ఆక్సిజన్," అంది టెక్నీషియన్‌తో, "ఉరుకు." రిసెప్షన్ అమ్మాయితో, "డాక్టర్ సాబ్ ఇంటి ల్యాండ్‌లైన్‌కు కొట్టు, సెల్లు ఎత్తడు." ఆ చేతులు ఎక్కడా తడబడలేదు. ముఖం మాత్రం బూడిద రంగులోకి మారింది.

"ఇచ్చి ఎంతసేపైంది?" అన్నాను.

"ఎనిమిది నిమిషాలు," అంది నా వైపు చూడకుండా.

నేను స్కూలు బస్సు వెనక ఆగి ఉన్నది అప్పుడే.

డాక్టరు దొరికాడు. రిసెప్షన్ అమ్మాయి తన సెల్లు తెచ్చి కనకలక్ష్మి చెవి దగ్గర పెట్టింది, స్పీకర్ కాకపోయినా అతని గొంతు నాకు వినబడింది. "హెపారిన్ ఇచ్చిన్రా? భాగ్యమ్మకా? నిన్న పెట్టిన కదా నేను, ఎర్రది!"

"ఎర్రది లేదు సార్," అంది కనకలక్ష్మి. "పచ్చగున్నది."

అతను వరసగా ఏవో చెప్పాడు, ఆమె ఆ సార్, ఆ సార్ అంటూ చేసుకుపోయింది. గొట్టాల్లో ఉన్న రక్తం మళ్ళీ ఆమెలోకి పంపవద్దన్నాడు. పెద్దాసుపత్రికి తీసుకురమ్మన్నాడు.

నా చేతిలో ఫోను ఇంకా ఆన్‌లోనే ఉంది. "వదినా," అంటోంది భార్గవి అందులోంచి. "వదినా. ఎవరు? ఎట్లుంది? వదినా?"

అంబులెన్సు పదకొండు నిమిషాల్లో వచ్చింది. మెట్ల మీద స్ట్రెచర్ తిప్పడానికి చోటు చాలక, టెక్నీషియనూ డ్రైవరూ ఆమెను దుప్పటితోనే ఎత్తి దించారు. ఆ ముసలాయన పేరు వీరేశం. లింగంపల్లిలోనే పుట్టి పెరిగిన మనిషి, స్టేషన్ వెనక సైకిల్ షాపు ఉండేదట. టిఫిన్ డబ్బా ఎక్కడ పెట్టాలో తెలియక చివరికి నా చేతిలో పెట్టి అంబులెన్సు ఎక్కాడు. నేను స్కూటీ మీద వెనకాలే పోయాను. అంబులెన్సు వెనక అద్దంలోంచి ఆమె పాదం ఒకటి కనబడుతోంది. ఆ పాదం కదులుతుందా లేదా అనే చూస్తూ బండి నడిపాను.

భార్గవి పన్నెండున్నరకు ఆసుపత్రికి వచ్చింది. ఇంట్లో వేసుకునే చుడీదార్, చున్నీ లేదు, కాళ్ళకు నా చెప్పులు. ఐసీయూ బయట వరండాలో నా పక్కన కూర్చుంది. వీరేశం ఎదురుగా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కూర్చోమంటే వినలేదు.

ఆమె ఫోను మోగింది. ప్రవీణ్. ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంది. పక్కనే ఉన్న నాకు వినబడింది.

"ఫ్యామిలీ ఉన్నారా అక్కడ? టెక్నికల్ గ్లిచ్ అని చెప్పు, అంతే. పేర్లూ డీటెయిల్సూ వద్దు. నీ మంచికే చెబుతున్నా భార్గవీ. నెట్‌వర్క్ ప్రాబ్లమ్ అంటే ఎవరైనా నమ్ముతారు."

ఆమె ఫోను పెట్టేసింది. దాన్ని ఒళ్ళో బోర్లించింది. నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో ఆమె ఊరుకుంటే బాగుండునని నాలో ఒక మూల అనుకుంది. మా ఇంటి పిల్ల. ఇరవై ఆరేళ్ళు. ఎదుటి మనిషి కోపం ఎలా ఉంటుందో, పోలీసులంటాడో, కొడతాడో నాకు తెలియదు.

ఆమె లేచి వీరేశం ముందుకు పోయి నిలబడింది.

"తప్పు నాది తాతా," అంది.

"నువ్వెవలు బిడ్డా?"

"ఆ ట్యాబ్‌లో మందుల సంగతి పెట్టేది మేమే. పొద్దున నేను తప్పు చేసినా. అమ్మకు ఆ మందు పడదని డాక్టర్ రాసింది నా చేతిలో పోయింది. అందుకే సిస్టర్‌కు కనబడలేదు. సిస్టర్ తప్పేం లేదు."

"ఎట్ల పోయింది? జర నాకు సమజయ్యేటట్టు చెప్పు."

"ఉన్నదాంట్లో కలపాల్సింది. కలపకుండా, ఉన్నదంతా తీసేసి నాది పెట్టినా. మళ్ళ పాతది తెచ్చినా. కానీ అమ్మది నిన్న రాసింది. అది పాతదాంట్లో లేదు."

"నీకు తెల్వదా, కలపాలని?"

"తెలుసు."

అతను తల ఊపాడు. తెలియదని చెప్పి ఉంటే ఏమనేవాడో నేను ఊహించలేను. గోడ మీంచి వీపు తీసి, మొదటిసారి బెంచీ మీద కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"పెండ్లయి నలభై మూడేండ్లు," అన్నాడు ఎవరికీ కాకుండా. భార్గవితో, "నాకెందుకు చెప్తున్నవ్? సూది నాకు గుచ్చలే. ఆమె లేస్తే ఆమెకు చెప్పు," అన్నాడు.

లేస్తే అన్నాడు. ఆ తర్వాత నాలుగు గంటలు మేము ముగ్గురం ఆ వరండాలో ఉన్నాం. ఐసీయూ తలుపు తెరుచుకున్న ప్రతిసారీ భార్గవి గోళ్ళు నా అరచేతిలో దిగేవి. ఎవరి కోసమో పిలిచేవాళ్ళు, మా కోసం కాదు. మూడు గంటలకు ఒక నర్సు వచ్చి భాగ్యమ్మ తాలూకు ఎవరని అడిగింది. వీరేశం చెయ్యి ఎత్తాడు. ఆమె సంతకం కోసం వచ్చింది, అంతే. అక్కడ బల్ల లేదు. భార్గవి కాగితం కింద తన అరచెయ్యి పెట్టి పట్టుకుంది.

నాలుగున్నరకు డాక్టర్ రాజేందర్ బయటికి వచ్చాడు. ఊపిరి సర్దుకుందన్నాడు. మందు కొంచెమే లోపలికి పోయిందని, పంపు ఇంకో పావుగంట నడిచి ఉంటే వేరే మాట చెప్పాల్సి వచ్చేదని అన్నాడు. అయినా ఐదు రోజులు చూడాలి. గడ్డకట్టకుండా ఇచ్చే ఆ మందే, పడని మనిషిలో రక్తం గడ్డకట్టిస్తుందట, కాళ్ళలోనో ఊపిరితిత్తుల్లోనో అలా అయ్యే ప్రమాదం అప్పటిదాకా ఉంటుంది. రోజూ రక్తం తీసి లెక్క చూస్తారు. "ఇద్దరు లోపలికి పోవచ్చు. ఐదు నిమిషాలు. ఎక్కువ మాట్లాడించకండి."

వీరేశం లేచి, నన్ను కాదు, భార్గవిని చూశాడు. "దా," అన్నాడు.

అద్దం అవతలి నుంచి నేను చూశాను. తలుపు పూర్తిగా మూసుకోలేదు గనుక విన్నాను కూడా. భాగ్యమ్మ ముక్కుకు గొట్టం ఉంది, కళ్ళు తెరిచే ఉన్నాయి. భార్గవి మంచం పక్కన వంగి, వరండాలో చెప్పిందే మళ్ళీ చెప్పింది. ఈసారి ఏడుస్తూ చెప్పింది. కలపాల్సింది మార్చేసినానని. తెలిసీ మరిచిపోయినానని. ఐదు రోజులూ వస్తానని.

భాగ్యమ్మ ఓపికగా విన్నది. చెయ్యి ఎత్తబోయింది, సూదులున్నాయని గుర్తొచ్చి మళ్ళీ దించింది.

"ఇంకెవలకన్న గిట్ల అయితదా బిడ్డా?" అంది. "ఆడ మాతోని ఇంకా మస్తు మంది ఉన్నరు. వాళ్ళకు పచ్చగ వస్తే, అది నిజంగ పచ్చనేనా?"

భార్గవి నోరు తెరిచింది. నేను అద్దానికి చెయ్యి ఆనించి ఎదురుచూశాను, కాదని చెబుతుందేమోనని, అలాంటిది ఇక జరగదని ధైర్యం చెబుతుందేమోనని. ఆమె అబద్ధం ఆడే పిల్ల కాదు.

"తెలీదమ్మా," అంది.

భాగ్యమ్మ భర్త వైపు తిరిగింది. "అయితే ఆ కనకలక్ష్మికి ఫోన్ చెయ్," అంది, ఒక్కొక్క మాటకూ ఊపిరి కూడదీసుకుంటూ. "నాలుగింటి షిఫ్టోళ్ళు ఎక్కి ఉంటరు. ఒక్కొక్కల్ని నోటితోని అడుగుమను."

వీరేశం జేబులు తడుముకున్నాడు. ఫోను దొరకలేదు. భార్గవి తన ఫోను తీసి అప్పటికే నొక్కుతోంది. లింగంపల్లిలో మోగుతోంది.